గడప అవతలి కుర్చీ

ఆసుపత్రి వెనక గేటులో ఆ పొద్దున ఒక తెల్లకారు అడ్డంగా నిలబడి ఉంది. దానికి ఆనుకుని ఒక పెద్దమనిషి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయన చేతి గడియారం ఎంత పెద్దదంటే, అందులో టైం ఎదుటివాళ్లకి కూడా కనిపిస్తుంది. ఆయనకి మాత్రం కనిపించడం లేదు. వెనకాల ఒక వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, మందు దించాలి, కారు కాస్త పక్కకి తియ్యమని మర్యాదగా అడిగాడు. అడిగినందుకు, నీదేమన్నా అంబులెన్సా, కాసేపాగితే కొంపేం మునగదు అని కసిరాడు ఆ పెద్దమనిషి.

డ్రైవరు గొంతు పెంచలేదు. వ్యాను వెనక తలుపు బార్లా తీశాడు. లోపల పట్టీలతో బిగించిన పెట్టె, పెట్టె మీద పసుపుపచ్చ కాగితం, కాగితం మీద మూడు నల్ల రెక్కల రేడియేషన్ బొమ్మ.

"సరేనండీ, ఆగుతాను. ఈ బొమ్మేమిటో తెలుసుగా? దీన్ని మీ కారు పక్కన దించుకుని ఇక్కడే కూర్చుంటాను. తొందరేం లేదు, మాట్లాడుకోండి" అన్నాడు.

పెద్దమనిషి బొమ్మ వంక చూశాడు. ఫోన్లో ఉన్నవాళ్లకి మళ్లీ చేస్తానని కూడా చెప్పలేదు. కారు తలుపు సరిగ్గా పడకముందే కారు కదిలిపోయింది.

నెలలు నిండిన కూతుర్ని డాక్టరమ్మ గదిలోకి పంపి, గేటు పక్క బెంచీ మీద కూర్చున్న ఒక ముసలావిడ ఇదంతా చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ డ్రైవరు ఆవిడకి పరాయివాడు కాదు, అల్లుడి తండ్రి. మా అన్నయ్యగారు నోరెత్తకుండానే అంతలావు మనిషిని పరుగెత్తించారని ఆ వారమంతా కనిపించినవాళ్లకల్లా చెప్పుకుంది. వయసులో ఆవిడే పెద్ద. అయినా ఆవిడ అన్నయ్యగారూ అంటుంది, అతను చెల్లెమ్మా అంటాడు. ఎవరు ఏ మాట తప్పు మాట్లాడినా అక్కడికక్కడే దిద్దే ఆవిడ, ఈ ఒక్క పిలుపుని మాత్రం ఎన్నడూ దిద్దలేదు.

ఆసుపత్రిలో అతన్ని అందరూ పెట్టె బాబాయ్ అంటారు. అంతకు ముందు చాలాకాలం స్కూలు బస్సు నడిపాడు. ఊరివాళ్ల పిల్లలందరినీ చెయ్యి పట్టుకుని దించాడు గానీ, సొంత కొడుకుని ఎత్తుకునే తీరిక దొరకలేదు. అతను తెల్లవారకుండా లేచి వెళ్లేసరికి వాడు నిద్రలో ఉండేవాడు, ఇల్లు చేరేసరికి మళ్లీ నిద్రలో ఉండేవాడు. భార్య పోయేనాటికి వాడు తండ్రి భుజం దాటి ఎదిగిపోయాడు. అందుకే కోడలు నీళ్లోసుకుందని తెలిసిన రోజు, ఈసారి మాత్రం కడుపునిండా ఎత్తుకుంటానని అందరి ముందూ అన్నాడు.

అతను తెచ్చే మందుని డాక్టర్లు రేడియోట్రేసర్ అంటారు. అతను మందు అంటాడు. వియ్యపురాలు ఆ కిరణాలది అంటుంది. గుండెకీ మెదడుకీ ఫొటోలు తియ్యాలంటే ముందు అది నరంలోకి ఎక్కించాలి. రక్తం ఎక్కడికి పోతే అదీ అక్కడికి పోయి మినుకుమినుకుమంటుంది, పెద్ద కెమెరా ఆ మినుకుల్ని పట్టుకుంటుంది. గుండెలో ఏ పక్కకి రక్తం అందడం లేదో ఆ పక్క చీకటిగా ఉండిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే ఆ మందు నిలవుండదు. పొద్దున బయల్దేరిన గుండె మందు మధ్యాహ్నానికి సగమైపోతుంది. మెదడు మందుకి ఆ మాత్రం ఓపిక కూడా లేదు. అందుకని పెట్టె బాబాయ్ దారిలో టీ తాగడు, తెలిసినవాడు చెయ్యెత్తినా ఆపడు, పక్క సీట్లో ఎవర్నీ ఎక్కించుకోడు. అలాగని బండిని ఎగరెయ్యడు కూడా. స్పీడ్ బ్రేకర్ వస్తే, వెనక ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా ఎక్కించి మెల్లగా దించుతాడు.

మనవరాలు పుట్టింది. వాళ్లుండేది మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, అది కదలగా చూసినవాళ్లు లేరు. కూతురికి సాయంగా వియ్యపురాలు అక్కడికే వచ్చి వంటిల్లూ పడగ్గదీ తన చేతికింద పెట్టుకుంది. పిల్లని ఇంటికి తెచ్చిన రోజు పెట్టె బాబాయ్ తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి చేతులు చాచాడు. ఆవిడ పిల్లని ఈ భుజం మీదనుంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

"ఆ పసుపుపచ్చ బొమ్మని చూసి అంతలావు మగాడే పారిపోయాడు. దీనికింకా మెడ కూడా నిలబడలేదు."

వాణ్ణి కదిలించడానికి ఆడిన నాటకమమ్మా అది అని అతను మొత్తుకున్నాడు. పెట్టె చుట్టూ సీసం ఉంటుందన్నాడు, దాని బరువు తన నడుముకి తెలుసన్నాడు. చొక్కాకి పెట్టుకునే బిళ్ల ఉంది, ఒంటికి ఏ మాత్రం తగిలినా అదే పట్టిస్తుంది, ఇన్నేళ్లలో ఎన్నడూ వంక పెట్టలేదన్నాడు. నాటకమైతే ఆ బొమ్మ ముచ్చటకి అంటించారా అని అడిగింది ఆవిడ. బయటికి రానిదైతే కెమెరాకి ఎలా కనిపిస్తుందనీ అడిగింది. ఆవిడ చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ, ప్రశ్న వెయ్యడానికి ఆ మాత్రం చాలు. అతను తడబడి, పెట్టెలోంచి రాదు చెల్లెమ్మా, ఎక్కించాక మనిషిలోంచి వస్తుంది అన్నాడు. దాంతో ఉన్నది కూడా చెడింది. తెల్లారి లేస్తే అలాంటి మనుషుల మధ్య తిరుగుతున్నాడన్నమాట అని ఆవిడ తలుపు దగ్గరగా వేసింది.

కొడుకూ కోడలూ ఆవిడకి నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు, ఎవరూ చెప్పలేదు. పెట్టె బాబాయే వాళ్లని వారించాడు. ఆవిడ చేతిమీద ఇల్లు నడుస్తోంది, గొడవలొద్దన్నాడు. పడగ్గది గడప అవతల, హాల్లో, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు. మధ్యాహ్నం ఇంటికి రాగానే స్నానం చేసి అందులో కూర్చునేవాడు. అక్కణ్ణుంచి పిల్ల పాదాలు బాగా కనిపిస్తాయి. ఆవిడ నిర్దయురాలేం కాదు. రోజుకోసారి పిల్లని గడప దాకా తెచ్చి, మొహం అతని వైపు తిప్పి చూపించేది. ఆవిడ పాట అందుకుంటే చాలు పిల్ల నిద్రపోయేది. అతను కుర్చీలో కూర్చుని ఆ పాట వినేవాడు, ఒడిలో చేతులు ఊరికే పెట్టుకుని. ఆ చేతులు ఆవిడకి కనపడకుండా లేవు. కనపడినా చూడనట్టు ఉండటం ఆవిడకి చేతనవును.

పిల్ల బోర్లా పడటం నేర్చే నాటికి వియ్యపురాలికి ఆయాసం పట్టుకుంది. కూరగాయలు తెచ్చుకుని మెట్లెక్కాలంటే అంతస్తుకోసారి ఆగి, ఎవరి గుమ్మమో పరీక్షిస్తున్నట్టు నిలబడేది. రెండో అంతస్తు వాళ్లు దొంగేమోనని తలుపు తీశాక సంగతి బయటపడింది. గుండె ఫొటోలు తియ్యాల్సిందే అన్నాడు డాక్టరు. ముందురోజునుంచి టీ, కాఫీ ముట్టకూడదన్నారు. గుండె మాట దేవుడెరుగు, టీ లేకపోతే తను ఎవరితోనూ సవ్యంగా మాట్లాడలేనంది. అది నిజమే అయింది.

అల్లుడు ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. ఇక చాలు మొర్రో అనే వేళకి చేతి నరంలోకి మందెక్కించారు. అది వచ్చింది మూడు రెక్కల బొమ్మ ఉన్న పెట్టెలోంచే. ఆవిడ గుర్తుపట్టింది, కళ్లు మూసుకుంది. మంటా లేదు, మెరుపూ లేదు. మందెక్కించిన అమ్మాయి పాలూ, వెన్న రాసిన రొట్టే తినిపించి కూర్చోబెట్టింది. పొద్దున పెట్టె దించేటప్పుడు పెట్టె బాబాయ్, ఇందులో మా చెల్లెమ్మది కూడా ఉందమ్మా, కాస్త నెమ్మదిగా గుచ్చండి, ఆవిడ తిట్టినా పట్టించుకోకండి అని చెప్పి వెళ్లాడట. ఆ అమ్మాయి ఈ మాట చెబుతుంటే ఆవిడ రొట్టె నమిలింది.

కెమెరా కింద పడుకోబెట్టి ఫొటోలు తీశారు. డాక్టరు చూసి, గుండె నిక్షేపంలా ఉంది, అన్ని వైపులా రక్తం పోతోంది, కాకపోతే ఒంట్లో రక్తమే తక్కువగా ఉంది, మాత్రలు రాస్తానన్నాడు. ఆవిడ లేచి చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే మందెక్కించిన అమ్మాయి అడిగింది, ఇంట్లో చంటిపిల్లలున్నారా అని. ఉంటే ఈ ఒక్కరోజూ ఒళ్లో పెట్టుకోవద్దండీ, రేపటికి ఏం ఉండదు అంది.

దారి పొడవునా అల్లుడు గుండె బాగుందని అందరికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. పిల్లని ఎత్తుకోవద్దన్న మాట ఆవిడ చెప్పకపోతే ఎవరికీ తెలియదు, చేతికి చిన్న దూది ముక్క తప్ప ఏమీ లేదు. ఇంటికి చేరగానే ఆవిడ ఆ మాట తనే కూతురికి చెప్పేసింది. అల్లుడు ఆఫీసుకి వెళ్లిపోయాడు. కూతురు స్నానానికి వెళ్లింది. అప్పుడు లేచింది పిల్ల, ఆరున్నొక్క రాగంతో.

ఆవిడ అలవాటు కొద్దీ పడగ్గది వైపు పరుగున వెళ్లి, గడప దగ్గర కాళ్లకి బ్రేకు వేసినట్టు ఆగిపోయింది. పక్కన పెట్టె బాబాయ్ తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లోపలికి వెళ్లలేదు. ఒక్కడుగు వేస్తే పిల్ల అందుతుంది. అయినా ఆవిడ వంకే చూస్తున్నాడు.

"చెవులు లేవా అన్నయ్యగారూ? ఎత్తుకోండి."

"నేనా?"

"మరి నేనా? ఇవాళ ఆ కిరణాలు నా ఒంట్లో ఉన్నాయి. మీదేముంది, ఉత్త పెట్టె మోశారు."

అతను వెళ్లి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, ఏం తోచిందో మళ్లీ కడుక్కున్నాడు. గడప దాటాడు. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి, స్పీడ్ బ్రేకర్ ఎక్కించినట్టు మెల్లగా పైకి తీశాడు. ఆవిడ ఖాళీ అయిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అక్కణ్ణుంచి నిజంగానే పాదాలు బాగా కనిపిస్తున్నాయి, అతని మోచేతి పక్కనుంచి గాల్లో తన్నుకుంటూ.

పిల్ల మాత్రం ఊరుకోలేదు. అతను ఆ గోడ దాకా నడిచాడు, ఈ గోడ దాకా నడిచాడు, నాలుకతో ఏవో చప్పుళ్లు చేశాడు. స్కూలు బస్సు హారన్ కూడా నోటితో మోగించి చూశాడు. ఏడుపు ఇంకాస్త హెచ్చింది. చివరికి చెమట్లు కక్కుతూ, పిల్లని గుండెకి ఆనించుకునే, గడప వైపు తిరిగాడు.

"నా చేతులు దీనికి కొత్త, చెల్లెమ్మా. మీరు ఆ కుర్చీలోంచి లేవక్కర్లేదు. అక్కణ్ణుంచే కాస్త పాడండి."