చెరకు బండి పక్కన మా చిన్న కారు

చోడవరంలో మా వీధిలో ఎదురుగా ఆటో వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే. అందుకే మేము ఒక బుల్లి కరెంటు కారు కొన్నాం. తలుపులు రెండే. వెనక సీటు మడిస్తే రెండు బియ్యం బస్తాలు పడతాయి. అరుగు మీది ప్లగ్గుకి తగిలించి పడుకుంటే పొద్దుటికి ఛార్జింగ్ నిండుతుంది. కె.కోటపాడు దగ్గర నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళి రావడానికి అది చాలు.

పెద్ద రోడ్డెక్కితే మాత్రం నాకు భయం. లారీ చక్రం నా కిటికీ అంత ఎత్తుంటుంది. పైగా ఈ కారుకి చప్పుడుండదు. పక్కన నేనున్నానని లారీవాడికి తెలిసిందో లేదో అని ప్రతిసారీ అనుమానమే. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని, ఆ బెదురు పోలేదు.

ఓ రోజు మధ్యాహ్నం మా అత్తగారిని అనకాపల్లి నుంచి తీసుకొస్తున్నాను. ముందురోజే ఆవిడ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కుదుపులు తగలనివ్వొద్దని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పారు. మా ఆయనకి విశాఖలో డ్యూటీ, సెలవు దొరకలేదు. గొయ్యి కనిపించినప్పుడల్లా ఊపిరి బిగబట్టి నడుపుతున్నాను.

చోడవరం ఇంకా కొద్ది దూరం ఉందనగా అన్నీ ఆగిపోయాయి. నా ముందు ఇసుక లారీ, వెనక బస్సు. కుడివైపు ఎదురుగా వచ్చే చెరకు ట్రాక్టర్ల వరస. సరిగ్గా నా పక్కన ఆగిన ట్రాక్టరు తొట్టె చక్రం నడిరోడ్డు గోతిలో దిగిపోయింది. డ్రైవరు ముందుకు లాగబోయాడు. తొట్టె ఒక్క ఊపు ఊగి మా వైపు ఒరిగింది. కట్టిన తాళ్ళు కిర్రుమన్నాయి. చెరకు ఆకులు మా కారు పైకప్పుని గీరడం మొదలెట్టాయి.

"ఏటమ్మా ఆ సప్పుడు?" అన్నారు అత్తగారు. కట్టున్నది ఆ పక్కే కాబట్టి ఆవిడకి కనిపించదు.

"ఏం లేదత్తమ్మా. ట్రాక్టరు వెళ్తోంది. తల తిప్పకండి," అన్నాను.

ట్రాక్టరు డ్రైవరు కిందికి దూకి, "ఎనక్కెల్లండి మేడమ్, ఎనక్కి!" అని అరిచాడు. వెనక బస్సుంది, ఎక్కడికి వెళ్ళను? దిగి పరిగెడదామంటే కుడి తలుపు తెరుచుకోదు. కట్టుతో ఉన్న ముసలావిణ్ణి ఎలా దింపను?

అప్పుడు ఎడమపక్క టీ బడ్డీలోంచి ఒకావిడ పరుగున వచ్చి, బల్ల ఈడ్చి పక్కకి తోసింది. బడ్డీకీ కరెంటు స్తంభానికీ మధ్య సందు చూపించింది.

"ఇలా తిప్పేయ్ తల్లీ! బుల్లి కారే కదా, పట్టేస్తాది!"

మోటారు సైకిలు దూరే సందులా కనిపించింది నాకు. అద్దాలు మడిచి స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పాను. కారు నెమ్మదిగా, చీమలా కదిలింది. క్లచ్చు లేదు గనక ఆగిపోలేదు. పెట్రోలు కారైతే ఆ కంగారులో నాలుగుసార్లు ఆపేసుండేదాన్ని. ఆవిడ చేత్తో స్తంభం వైపు కొలుస్తూ, "రా... ఇంకా రా..." అంటోంది. బడ్డీ రేకు మా కారు తలుపుని గీసింది. ఇంకో జానెడు. బయటపడ్డాం.

వెనక పెళపెళమని తాళ్ళు తెగాయి. తొట్టె పడలేదు కానీ, సగం చెరకు మేమున్న చోటుకి జారింది. బస్సాయన అప్పటికే కొంచెం వెనక్కి లాగాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

కారు ఆపి పక్క సీటు వైపు తిరిగాను. అత్తగారి కట్టు కింద నుంచి నీరు కారుతోంది. కన్ను పోయిందేమోనని ఏడ్చేశాను.

"ఊరుకో. ఏడుపొచ్చింది, అంతే," అన్నారావిడ. "ఆకులు రాసుకుంతన్నప్పుడే తెలిసిపోనాది. అరిస్తే నువ్వు బెదిరిపోతావని నోరు మూసుకున్నాను."

మర్నాడు మా ఆయన వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కన్ను బాగానే ఉందన్నారు డాక్టరు. నేను వారం రోజులు బడికి బస్సులో వెళ్ళాను. తర్వాత మళ్ళీ కారు తీశాను. ఇప్పటికీ ఎదురుగా చెరకు బండి కనిపిస్తే, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పక్కకి ఆపేసి, అది దాటిపోయేదాకా కదలను. వెనక ఎవరెంత హారన్ కొట్టినా సరే.