పరీక్ష తప్పాక దొరికిన పని

డిగ్రీ అయిపోయిన వేసవిలో చెన్నైలో ఎం.ఏ. ప్రవేశ పరీక్ష రాసి తప్పాను. వేలూరు కాలేజీలో చదువుతున్నన్నాళ్లూ ఎకనామిస్టునవుతానని అందరికీ చెప్పుకుని తిరిగినదాన్ని, ఫలితం వచ్చాక ఇంట్లోంచి బయటికి రావడం మానేశాను. పైచదువు లేనిదే ఆ రంగంలోకి రానివ్వరని లెక్చరర్లు ముందే చెప్పి ఉన్నారు.

వేలూరు దగ్గరి గుడియాత్తంలో మాది తెలుగు నేతగాళ్ల కుటుంబం. నాయన ముందు గదిలో లుంగీలు నేస్తాడు. ఆయన నన్ను ఏమీ అనలేదు. మా మేనమామదే, వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"బ్యాంకు పరీక్ష రాయి పాపా. ఎకనామిస్టు ఉద్యోగమంటే యాడుండాది? మన ఊర్లో ఎవురన్నా చేసినారా?"

నేను మాత్రం ఏ ఎకనామిస్టును చూశాను?

అలాంటి రోజుల్లో కాలేజీలో నాకంటే ముందు చదివిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. వేలూరు తొరపాడిలో ఒక చిన్న పరిశోధన సంస్థకు సర్వే పనికి మనుషులు కావాలట, డిగ్రీ ఉంటే చాలట. దరఖాస్తు పంపాను. ఇంటర్వ్యూకి రమ్మన్నారు.

వెళ్లి చూస్తే అక్కడ కూర్చున్నవాళ్లంతా ఎం.ఏ.లు. ఒకరితో ఒకరు ఇంగ్లీషులో గడగడా మాట్లాడుకుంటున్నారు. లేచి వచ్చేద్దామనుకునేలోపే నా పేరు పిలిచారు.

లోపల ఆ సంస్థ పెద్దావిడ ఒక కాగితం నా ముందుకు జరిపింది. చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంఖ్య ఏటేటా ఎలా తగ్గిందో చూపించే పట్టిక అది. ఎందుకు తగ్గిందో చెప్పమంది. పట్టికలో అంకెలు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాను. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది.

"మేడం, వీళ్లను ఏమని అడిగారు?" అన్నాను, నాకే తెలియకుండా ఇంగ్లీషు వదిలి తమిళంలోకి దిగిపోయి. "మా అమ్మను పనికి పోతావా అని అడిగితే లేదంటుంది. కానీ పొద్దున్నుంచీ కండెలకు నూలు చుడుతూనే ఉంటుంది. అది లేకపోతే నాయన మగ్గం ఆడదు. అయినా అమ్మ దాన్ని పని అనుకోదు. ఈ ఆడవాళ్లు నిజంగా పని మానేశారా, లేక అడిగిన తీరు మారిందా అన్నది తెలియకుండా నేను కారణం చెప్పలేను."

"అంటే, కారణం తెలియదంటావు."

"తెలియదు మేడం."

ఆవిడ తల పంకించి, వెళ్లి రమ్మంది. ఇక ఈ ఉద్యోగం రాదని తేలిపోయింది నాకు. తిరుగు దారిలో బస్టాండు దగ్గర బ్యాంకు పరీక్షల పుస్తకం కొనుక్కున్నాను.

తర్వాత కొన్నాళ్లకు, బెంగళూరు వెళ్తున్న స్నేహితురాలిని సాగనంపడానికి కాట్పాడి స్టేషన్‌కు వెళ్లాను. రైలు కదులుతుండగా ఫోన్ మోగింది. ఆ గోలలో ఏమీ వినపడక ఓవర్‌బ్రిడ్జి మెట్ల కిందికి పరుగెత్తాను. పెద్దావిడ గొంతు.

"తెలియనిది తెలియదని చెప్పేవాళ్లే మాకు కావాలి. సోమవారం నుంచి వస్తావా?"

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. అన్నాళ్లూ గుండెల మీద ఎంత బరువు మోశానో అది దిగాకే తెలిసింది. ఇంతలో స్నేహితురాలి రైలు వెళ్లిపోయింది. చెయ్యి ఊపడం కూడా మరిచిపోయాను.

ఇంట్లో చెప్పగానే అమ్మ "అప్పాడా!" అని ఊపిరి పీల్చుకుని గడప మీదే కూర్చుంది. "యాడికో దూరం పొమ్మంటారేమోనని ఒకటే దిగులుగా ఉండె నాకు."

నాయన మగ్గం ఆపి, "ఏం పని చెయ్యాలంటమ్మా?" అన్నాడు.

"ఊర్లు తిరిగి, ఎవురు ఏం పని చేస్తారో అడిగి తెలుసుకోవాల నాయనా. దాన్నిబట్టి జనం ఎట్ల బతకతా ఉండారో చెప్పాల."

"మంచిదే," అన్నాడు పక్కనే ఉన్న మామ. "బ్యాంకులో మాదిరి పొద్దస్తమానం కుర్చీలో కూర్చోనుండబళ్లేదు."

అందరం నవ్వాం. ఆ వేసవిలో మా ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదటిసారి.

సంస్థవాళ్లు మొదట నన్ను సర్వేకు నెమిలి వైపు ఊళ్లకు పంపారు. తిరిగొచ్చి నేను రాసిన మొదటి నివేదిక నిండా ఎర్ర సిరా గీతలే. ఇంటికి పంపించేస్తారేమోనని భయపడ్డాను. పెద్దావిడ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క గీత ఎందుకు గీసిందో చెప్పింది. అన్నీ నేర్చుకున్నాకే ఇక్కడికి రావాలని ఎవరూ అనుకోలేదన్నమాట! ఎం.ఏ. దూరవిద్యలో చదువుకోవచ్చని కూడా ఆవిడే అంది. నాకిచ్చిన గుర్తింపు కార్డు మీద ఎకనామిస్టు అని లేదు, పరిశోధన సహాయకురాలు అని ఉంది. ఆ మాట కోసం ఇక తొందరేమీ లేదనిపించింది.