కనుమకు ఇవతల ఒక వాల్వు

మే నెల రెండో వారంలో, ఉదయం పదకొండున్నరకు ట్రక్కు మమ్మల్ని సరస్సు ఒడ్డున దింపింది. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఎండ ఉంది. గాలి ఉంది. కనుచూపు మేరలో చెట్టు లేదు. నా దగ్గర రెండు కిట్ బ్యాగులు, ఒక స్లీపింగ్ బ్యాగు, ఒక పనిముట్ల పెట్టె. బ్యాగులు దించేసరికే ఆయాసం వచ్చింది.

నేను హవల్దారును. పని ఫిట్టరు. ఆ పోస్టులో తొమ్మిది మందిమి. మా పైన సుబేదారు సాబ్. ఆయన నన్ను చూసి చెప్పిన మొదటి మాట ఇది: "రెండు రోజులు పడుకో. దేనికీ పరుగెత్తకు. మూడో రోజు బోటు చూడు."

మూడో రోజు చూశాను. ముప్పై అడుగుల బోటు, చిన్న క్యాబిన్, ఆరుగురు కూర్చోవచ్చు. వెనక సీటు కింద నలభై లీటర్ల నీళ్ల టాంకు. ఇంజను వేడి ఒక గొట్టం గుండా ఆ టాంకులోకి పోతుంది. బోటు అరగంట తిరిగితే టాంకులో నీళ్లు మరిగేంత వేడెక్కుతాయి. టాంకు పైన బొటనవేలంత ఇత్తడి వాల్వు. లోపల ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని ఆవిరి వదలాలి. లేకపోతే టాంకు పేలుతుంది.

ఆ వేడినీళ్లు సుఖానికి కాదు. మా నర్సింగ్ అసిస్టెంటు క్యాబిన్ గోడకు కాగితం అంటించి పెట్టాడు. నీళ్లలో పడ్డవాడి చేతులు ఐదు నిమిషాల్లో పనిచేయడం మానేస్తాయి. బయటికి లాగిన వెంటనే ఆ చేతుల్ని గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి. ఒడ్డుకు వచ్చేదాకా ఆగితే వేళ్లు దక్కవు.

బోటు నడిపేది మనవాడే. గోదావరి లంకల్లో రేవు నడిపే ఇంటివాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. అందరూ అతన్ని డ్రైవర్ అనేవారు. నేను మాత్రం పెద్ద పడవ నడిపేవాణ్ణి పిలిచినట్టు సరంగు అని పిలిచేవాణ్ణి. ఆ పిలుపుకి మురిసిపోయేవాడు. మూడు వేల కిలోమీటర్ల అవతల తెలుగు మాట్లాడేవాళ్లం ఇద్దరమే.

ఆగస్టులో వాల్వు కారడం మొదలైంది. మొదట నిమిషానికి ఒక చుక్క. వారం తిరిగేసరికి ధార. ఉదయం ఆరింటికి నింపిన టాంకు పదింటికి సగమయ్యేది. విప్పి చూశాను. లోపలి రబ్బరు వాషరు చలికి ఎండిపోయి పగిలింది. జీపు ట్యూబు కత్తిరించి కొత్త వాషరు చేశాను. నాలుగు రోజులు ఆగింది. గమ్‌బూటు అడుగుతో ఇంకొకటి చేశాను. రెండు రోజులు. ఆ తర్వాత స్ప్రింగే విరిగింది.

కొత్త వాల్వు కోసం కాగితం పంపాం. మళ్లీ పంపాం. బోటు పరాయి దేశంలో తయారైంది, దాని సామాను తెప్పించడానికి టైము పడుతుందన్నారు.

సుబేదారు సాబ్ ఒకసారి అడిగారు. "బోల్టు బిగించి మూసేస్తే?"

"పేలితే సీటు మీద ముగ్గురుంటరు, సాబ్."

ఆ రోజే టాంకు ఖాళీ చేశాం. అప్పటినుంచి బోటులో వేడినీళ్లంటే రెండు థర్మాస్ ఫ్లాస్కులు.

సెప్టెంబరు చివర నాకు ముప్పై రోజుల సెలవు వచ్చింది. బయల్దేరేటప్పుడు పాత వాల్వు జేబులో వేసుకున్నాను. సరంగు ట్రక్కు దాకా వచ్చాడు.

"హైదరాబాదులో దొరకనిది ఉండదంట కదన్నా. వేణ్ణీళ్లు తెప్పించండి, మీకు పులస చేపంత పుణ్యం."

"మంచు పడకముందే తెస్త."

అలా మాట ఇచ్చాను.

మా ఇల్లు అమీర్‌పేటలో, ఒక మగపిల్లల హాస్టల్ మీద రెండు గదుల పోర్షన్. మా వీధిలో హాస్టళ్లు నాలుగు. గోడల నిండా కంప్యూటర్ కోర్సుల కాగితాలు. ఉదయం ఏడింటికే వీధి ఆ చివర నుంచి ఈ చివరదాకా నోటుపుస్తకాలు పట్టుకున్న పిల్లలు. సరస్సు దగ్గర నుంచి వచ్చిన నాకు ఆ జనాన్ని చూస్తే మొదటి రెండు రోజులు తల తిరిగింది.

నిజం చెప్పాలి. మొదటి పది రోజులు ఆ వాల్వును షెల్ఫు మీద పెట్టి దాని ముఖం చూడలేదు. పాపను బడికి దింపాను. పడుకున్నాను. కడుపునిండా తిన్నాను. నా భార్య సుజాత దుమ్ము దులుపుతూ దాన్ని చేతిలోకి తీసుకుంది.

"గిదేంది?"

చెప్పాను.

"మనింట్ల గీజర్ లేదు. పొయ్యి మీద కాగబెట్టుకుంటున్నం. పడవకు గీజరా?" అని నవ్వింది. ఆ వేడినీళ్లు దేనికో అప్పుడు చెప్పాను. నవ్వు ఆపి, "మరి పదిరోజుల సంది ఈడ పెట్టి ఏం చేస్తున్నవ్?" అంది.

ఆ సాయంత్రమే కిందికి దిగాను. మా వీధి హాస్టళ్లలో గీజర్లు చెడితే యాదగిరి వస్తాడు. బోరబండ మనిషి. సైకిలు వెనక పాత డాల్డా డబ్బా నిండా వాల్వులు. నాది తీసుకుని గోరుతో అంచు గీకాడు. తన డబ్బాలోని వాల్వు ఒకటి తీసి పక్కన పెట్టాడు. సైజు ఒకటే. తిప్పితే ఎక్కలేదు.

"దీని చూడీ వేరున్నదన్నా," అన్నాడు. చూడీ అంటే మరచుట్లు. "మన వాల్వు గట్టిదే. గానీ దీంట్ల కూసోదు. నడుమ ఒక ముక్క చేపిస్తే కూసుంటది. ఒకదిక్కు మన చూడీ, ఒకదిక్కు దాని చూడీ."

"ఎవరు చేస్తరు?"

"పంజాగుట్టల మాస్టర్ ఉన్నడు. జర ఆలస్యం చేస్తడు. గానీ చేస్తే చేసినట్టుంటది."

మాస్టర్ లేత్ మిషను పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంది. ముసలాయన. తెల్ల గడ్డం, కళ్లద్దాలకు దారం. వాల్వును దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు. కొలిచాడు. మూడు కాగితాల మీద రాసుకున్నాడు.

"సాబ్, ఇది వేరే ముల్క్‌ది. మన దగ్గర దీని కత్తి లేదు. కత్తి సుత నేనే రుద్దాలె. వారం పడతది."

వారం ఆగాను. లెక్క వేసుకున్నాను. సెలవు ఇంకా పది రోజులు ఉండగానే రైలెక్కితే మంచుకు ముందు పోస్టు దారిలోని కనుమ దాటవచ్చు. టికెట్టు అలాగే తీసుకున్నాను.

ఎనిమిదో రోజు ఉదయం తొమ్మిదికి వెళ్లాను. ఆ రాత్రికే నా రైలు. ముక్క లేత్‌కు బిగించి ఉంది. ఒకవైపు మరచుట్లు పూర్తయ్యాయి. ఇంకోవైపు మిగిలింది. మాస్టర్ స్టూలు మీద ఖాళీగా కూర్చున్నాడు. మిషను ఆగి ఉంది. ఇంటర్నెట్ కేబుల్ వేయడానికి రోడ్డు తవ్వుతూ కరెంటు కేబుల్ తెంపేశారు. సందు మొత్తానికీ కరెంటు లేదు.

"వేరే లేత్ మీద చేపిస్త. ఇయ్యండి."

"ఇస్తా సాబ్. కానీ ఒక్కసారి ఇప్పితే మళ్లా అదే సెంటర్‌కు రాదు. అటు చూడీ, ఇటు చూడీ వంకర పోతయి. మళ్లా కారుతది. ఇప్పమంటరా?"

నాకు ఆ సంగతి తెలుసు. చుట్టూ ముప్పై మైళ్లలో ఒక్క మెకానిక్ లేని చోట కారే వాల్వు అంటే ఏమిటో కూడా తెలుసు. విప్పమనలేదు.

టికెట్టు రద్దు చేసుకున్నాను. మర్నాడు పొద్దున ఎనిమిదికి వెళ్లాను. గుంతలో ఇద్దరు మనుషులు నిలబడి రెండు కేబుల్ కొసలు పట్టుకుని చూస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ వెళ్లాను. గుంతలో ఎవరూ లేరు. విద్యుత్ ఆఫీసుకు పోయి నేను ఫలానా అని చెప్పుకున్నాను. అక్కడి గుమస్తా మంచివాడే. కుర్చీ వేశాడు. "రేపు తప్పకుండా సార్," అన్నాడు. నా చేతిలో పానా ఉంది, మనిషిలో బలం ఉంది, పని చేయడం వచ్చు. చేయడానికి ఏమీ లేదు.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు వచ్చింది. మాస్టర్ నమాజు ముగించి కూర్చుని నలభై నిమిషాల్లో ముక్క పూర్తి చేశాడు. యాదగిరి దాని మీద తన వాల్వు ఎక్కించి, రబ్బరు పైపుతో మా హాస్టల్ గీజరుకు కలిపి గంటసేపు మరిగించాడు. చుక్క కారలేదు. ఆ రాత్రికి రైలు.

చండీగఢ్ నుంచి విమానం. లేహ్ నుంచి ట్రక్కు. కనుమ కింద ట్రాన్సిట్ క్యాంపుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. అక్కడి జవాను చేయి అడ్డం పెట్టాడు. కనుమ నిన్న సాయంత్రం మూసేశారు. నాలుగడుగుల మంచు.

కనుమకు అవతల మా పోస్టు నలభై అయిదు మైళ్లు. గుడారంలో పదహారు మందిమి. నేను రోజుకు మూడుసార్లు బయటికి వచ్చి పైకి చూసేవాణ్ణి. మబ్బు. ఇంకేమీ లేదు. వాల్వు చొక్కా లోపలి జేబులో ఉంది. చలికి ఇత్తడి మంచులా ఉండేది. రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుంటే తెల్లారేసరికి వెచ్చబడేది.

నాలుగో రోజు ఉదయం పదింటికి ఫీల్డు టెలిఫోను కలిసింది. అవతల మా రేడియో ఆపరేటరు, హిందీలో.

"ఎక్కడున్నారు, ఉస్తాద్?"

"కనుమ కింద. వాల్వు ఉన్నది. సుబేదారు సాబ్‌తో చెప్పు."

లైను గరగరలాడింది. రిసీవరు చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"చెప్తాను. ఉస్తాద్, నిన్న బోటు బయటికెళ్లింది. అవతలి ఒడ్డు పోస్టులో ఒకరికి ఊపిరి అందడంలేదని కబురు. తీసుకురాక తప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు బోటు కింది ఫ్యానుకి తాడు చుట్టుకుంది. డ్రైవరు తాడు కోయడానికి వంగి నీళ్లలో పడిపోయాడు."

"దొరికిండా?"

"దొరికాడు. ఆరు నిమిషాలు నీళ్లలో ఉన్నాడు. పడ్డాక కూడా తాడు కోసే పైకొచ్చాడు."

"చేతులు?"

"గంటా ఇరవై నిమిషాలు పట్టింది ఒడ్డుకు రావడానికి. ఫ్లాస్కుల్లో నీళ్లు ఆ జబ్బు మనిషికి తాగించేశారు, ఉస్తాద్. మనవాళ్లు ఇతని చేతుల్ని తమ చంకల్లో పెట్టుకున్నారు. ఈ ఉదయం హెలికాప్టరు వచ్చి తీసుకెళ్లింది."

నేను ఫోను పెట్టేసి బయటికి వచ్చాను. నా తలమీదుగానే ఆ హెలికాప్టరు పోయి ఉండాలి. పొద్దున ఏడున్నరకు చప్పుడు విన్నాను. టీ తాగుతూ విన్నాను.

ఆరో రోజు కనుమ తెరిచారు. సాయంత్రానికి పోస్టు చేరాను. మర్నాడు ఉదయం ఎనిమిదికి బోటులో దిగి ముక్క బిగించాను, దాని మీద వాల్వు బిగించాను. ఇరవై అయిదు నిమిషాల పని. ఇంజను పెట్టి అరగంట తిప్పాం. కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ వచ్చాయి నీళ్లు. సుబేదారు సాబ్ చేయి కిందపెట్టి వెంటనే తీసేశారు. "బాగుంది," అన్నారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

ఆ వాల్వు పనిచేసింది ముప్పై నాలుగు రోజులు. ఎవరూ నీళ్లలో పడలేదు. డిసెంబరు మొదటి వారంలో సరస్సు అంచులు గడ్డకట్టాయి. బోటును ఒడ్డుకు లాగి టార్పాలిన్ కప్పాం. ఆ పోస్టులో నా టూరు అయిపోయింది.

ఇంటికి పోతూ చండీగఢ్ ఆస్పత్రిలో ఆగాను. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. సరంగు గడ్డం గీసుకుని ఉన్నాడు. ఎవరో గీశారు. ఎడమచేతికి నాలుగు వేళ్లు తీసేశారు, కుడిచేతికి రెండు. రెండు చేతులకూ మోచేతుల దాకా తెల్ల కట్లు.

పది రోజులు షెల్ఫు మీద పెట్టిన సంగతి చెప్పాలని మెట్లెక్కుతూ అనుకున్నాను. నేను నోరు తెరిచేలోగా అతనే అడిగాడు.

"వేణ్ణీళ్లు వచ్చాయా అన్నా?"

"వచ్చినయ్ తమ్మీ."

"కారట్లేదు కదా?"

"చుక్క కారలే."

"బాగా కాగాయా?"

"చెయ్యి పెట్టలేనంత."

అన్న తర్వాత నా మాట నాకే వినిపించింది. అతను పట్టించుకోలేదు. ఆ రోజు అలలు ఎంత ఎత్తున లేచాయో, తాడు తెగాక బోటును ఎటు తిప్పి ఉండాల్సిందో, తను పడ్డాక తన సీట్లో కూర్చున్న సిగ్నల్సు కుర్రాడు గాలికి అడ్డంగా తిప్పి ఎంత పొరపాటు చేశాడో చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతుంటే ఆ రెండు కట్ల చేతులూ దుప్పటి మీద నుంచి లేచాయి. చక్రం పట్టుకున్నట్టు గాలిలో ఎదురెదురుగా నిలిచాయి.

నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాడు రైలెక్కాను. మూడో రోజు సికింద్రాబాదులో దిగి, బస్సు పట్టుకుని అమీర్‌పేట చౌరస్తాలో దిగాను. సుజాత నీళ్లు కాచి ఉంచింది. స్నానం చేసి రమ్మంది. బకెట్టు ముందు చాలాసేపు కూర్చున్నాను.

అప్పటినుంచి ఇన్నేళ్లు. పెన్షను వచ్చింది, పాపకు పెళ్లయింది, ఆ సందులో ఇప్పుడు లేత్ లేదు. సైన్యంలో ఏం చూశారని మా వీధి పిల్లలు అడుగుతుంటారు. యుద్ధం గురించి అడుగుతారు. నాకు కనపడేది ఒక్కటే. రెండు తెల్లని కట్లు గాలిలో మెల్లగా ఎడమకు తిరుగుతాయి. ఒక క్షణం అలాగే పట్టుకుంటాయి. మళ్లీ తిన్నగా వస్తాయి.