గ్లాసు అడుగున ఎర్రచుక్క

1998 ఆగస్టు 11, మంగళవారం. సికింద్రాబాదు నుంచి ఏ.ఎస్. రావు నగర్ వెళ్లే బస్సు. ఉన్నవారు: నేను, రొమ్ములో క్యాన్సర్ గడ్డకు వైద్యం చేయించుకుంటున్న మా అక్క, ఆమె పక్క సీటులో ఒక నడివయసు స్త్రీ.

డైరీలో ఇంతే ఉంది. మిగతాది రాయడానికి ఆ రోజు సిగ్గుపడ్డాను.

అక్కకు దాహం వేస్తే ఆ స్త్రీ తన నీళ్ల సీసా అందించింది. నేను అడ్డుపడ్డాను.

"వద్దమ్మా. గడ్డలో ఊరేది పక్కవాటిని కూడా పాడుచేస్తుందని డాక్టరు చెప్పాడు. ఇంట్లోనూ అక్కకు గ్లాసు వేరే."

"ఏందీ? పక్కవాటిని అంటే పక్కనున్న మనుషులనుకున్నరా?" ఆమె గొంతుకు బస్సంతా తిరిగి చూసింది. "నేను ల్యాబుల పనిచేస్తా సార్. గది కణాల ముచ్చట. గడ్డ రసాలు వదుల్తది. జెర జాగ ఇయ్యి, నెత్తురు తెప్పియ్యి అని పక్క కణాలకు గదే కబురు. మంచి కణాలు సుత నమ్మి దాన్నే పెంచుతయి. గదంత ఒంటి లోపటనే. గడ్డ మాట గా కణాలు విన్నట్టు, మీ ఇల్లంత ఒక్క తప్పు మాట విన్నది!"

అక్క సీసా అందుకుని, నోటికి పెట్టుకుని గడగడా తాగింది. మిగిలిన నీళ్లు ఆ స్త్రీ అదే సీసాకు నోరు పెట్టి తాగేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. ఇంట్లో అక్క గ్లాసు అడుగున ఎర్రచుక్క పెట్టింది నేనే. డాక్టరును మరొక్క ప్రశ్న అడగనిదీ నేనే. ఐదు నెలలుగా అక్క ఆ చుక్క వెతుక్కుని మరీ తన గ్లాసు తీసుకునేది.

మరుసటి ఉదయం ఆ గ్లాసులోనే కాఫీ పోసుకుని తాగుతున్నాను.

"అది నాదిరా," అంది అక్క.

ఇవ్వలేదు.