మేం కట్టిన పట్టుదండ

మగ్గం మీద మిగిలిన పట్టుపోగులతో దండలు కట్టడంలో మా అమ్మకు తిరుగులేదు. డెబ్బైల చివర్లో మా ఊళ్లోని దొరల కాలంనాటి కచేరీలో రెజిమెంటు మ్యూజియం పెట్టారు. దాన్ని చూసుకునే రిటైరైన హవల్దారు ఇంటికొచ్చి, ఫోటోలకు ఇరవై రెండు దండలు కావాలన్నాడు. యుద్ధాల్లో పోయినవాళ్లవే అనుకుని అన్నీ కట్టిచ్చాం.

మా అన్న ఆ రెజిమెంటులోనే ఉన్నాడు. రెండు నెలలుగా ఉత్తరం లేదు. పోస్టుమాన్ మా ఇల్లు దాటి పోయినప్పుడల్లా మగ్గంలో అటూ ఇటూ పోగు లాగే నాడె అమ్మ చేతిలో ఆగిపోయేది. అన్న బద్ధకం తెలిసిందే కదా అని నేను విసుక్కునేదాన్ని.

మ్యూజియం తెరిచిన రోజు అమ్మా నేనూ వెళ్లాం. బయట ఎండ మాడ్చేస్తోంది, ఆ మందపాటి గోడల మధ్య మాత్రం చల్లగా ఉంది. తుపాకులు, పాత బూట్లు, పతకాలు చూసుకుంటూ ఫోటోల గోడ దగ్గరికి వచ్చాం. చివరి వరసలో మా అన్న ఫోటో. దానికి మేం కట్టిన దండ.

అమ్మ గోడకానుకుని కూలబడింది. హవల్దారు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందక్కా? ఎండదెబ్బా?"

"నా కొడుకు ఎప్పుడు పోయినాడప్పా?" అంది అమ్మ.

ఆయన ఫోటో చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో అక్కా! గుండ్రాయి మాదిరి ఉండాడు నీ కొడుకు! మన ఊరోళ్లవి, ఉండేటోళ్లవీ పోయినోళ్లవీ అన్నీ పెట్టినాం. మర్యాదకని అన్నిటికీ దండలేసినా."

సొరుగులోంచి కవరు తీసిచ్చాడు. మొన్న సోమవారం ఫోటోతో పాటు వచ్చిందట. అచ్చం మా అన్న కోడిగీతలే. ఫోటో బాగా కనబడేచోట పెట్టమని, సెలవు దొరికిందని, వచ్చే నెల వస్తానని రాశాడు. ఇంటికి రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు మహానుభావుడికి!

హమ్మయ్య! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ లేచింది.

"బతికుండేవాని ఫోటోకి దండేస్తారా? నీ బుద్ధేమైనా గడ్డి తినిందా?" అని హవల్దారును కడిగిపారేసింది. అన్న ఫోటో మీది దండ తీసి కొంగున ముడేసుకుంది. పక్క ఫోటోలోని మనిషి ఉన్నాడో పోయాడో ఆయన్నే అడిగింది. పోయాడన్నాడు. ఒరిగిన దండను సరిచేసి చేతులు జోడించింది.

నెల తర్వాత అన్న వచ్చాడు. గడప తొక్కకముందే అమ్మ ఆ దండ తెచ్చి అతని మెడలో వేసింది.

"ఇది ఉండాల్సింది ఈడ," అంది.

అన్న నవ్వబోయేలోగా రెండు చెంపలూ వాయించి, అతన్ని వాటేసుకుని బావురుమంది.