బ్యారన్‌లో ఆరిన ఉత్తరాలు

గుంటూరులో పాత ఉత్తరాలూ తాటాకు ప్రతులూ భద్రపరిచే గ్రంథాలయం ఒకటుంది. మొన్న వెళితే అక్కడ పనిచేసే అమ్మాయి మా ఊరి నుంచి చేరిన పెట్టె తెరిచి, ఒక కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, "సార్, ఇవి రాసినవాళ్ళందరూ చుట్టలు కాల్చేవాళ్ళా?" అని అడిగింది. కొందరు కాల్చే ఉంటారు. కానీ ఆ వాసనకు కారణం మా మేనత్త. ఆవిడ చుట్ట కాల్చేది కాదని ఇక్కడే చెప్పేయడం మంచిది, లేకపోతే బంధువుల ఫోన్లకు సమాధానం చెప్పుకోలేను.

అత్తయ్య ఒంగోలు పక్కన మా ఊళ్ళో లైబ్రేరియన్. జనం లైబ్రరీకి పేపరు కోసమూ ఫ్యాను కోసమూ వచ్చేవారు. అత్తయ్య వెనకగదిలో ఉన్న చెక్క బీరువా కోసం వచ్చేది. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చినవన్నీ అందులో ఉండేవి. కరువుకాలంలో బావి తవ్వించమని పెట్టుకున్న అర్జీల నకళ్ళు, రంగూన్ పోయినవాళ్ళు రాసిన ఉత్తరాలు, మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా ఎద్దుల జబ్బుల గురించే సాగే తాటాకు కట్ట. మా వైపు ఇళ్ళల్లో ఉత్తరం చదవగానే గోడనున్న తీగకు గుచ్చేవారు. అందుకని ప్రతి ఉత్తరానికీ నడిమధ్య చిల్లు ఉండేది, ఎవరో ఒకరి క్షేమసమాచారం అందులో జారిపోయేది. "పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావు, పట్టుకుపో తల్లీ" అనేవారట ఇచ్చేవాళ్ళు. ఆవిడ దాన్ని విరాళమనే లెక్కేసుకునేది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక వేసవి ముందు, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉండగా అకాలవర్షం పడింది. లైబ్రరీ పెంకులు జరిగి, నీళ్ళన్నీ ఎంచుకున్నట్టు ఆ బీరువా మీదే కారాయి. తెల్లారి చూస్తే ఉత్తరాలు ఒకదానికొకటి అతుక్కుని, అంచులు ఉబ్బి ఉన్నాయి. అత్తయ్య ఏడవలేదు. ఇంటికెళ్ళి పాత నేత చీరలన్నీ మోసుకొచ్చి, కాగితాల మధ్య పరిచి తడి పీల్చుకునేలా అద్దడం మొదలుపెట్టింది. ఆవిడ పెళ్ళిచీర కూడా ఆ మోపులో ఉందని తర్వాత మామయ్య గొణిగాడు.

ఇంతలో లైబ్రరీ కమిటీ అధ్యక్షులు వచ్చారు. మిరపా పొగాకూ రెండూ పండించే పెద్ద రైతు. మనసున్న మనిషి. తడిసినదేదైనా కల్లంలో వేస్తే బాగుపడుతుందని గట్టిగా నమ్మినవాడు. తన కాయలు తిరగేయడానికి ఎలాగూ కూలీలు వస్తున్నారనీ, ఓ పక్కన వీటినీ పోయించేస్తే సాయంత్రానికి గలగలమంటాయనీ అన్నారు.

"ఎండకి సిరా ఎగిరిపోతుందండీ. తెల్లకాగితాలు మిగుల్తాయి" అంది అత్తయ్య.

"శుభ్రంగానే ఉంటయ్యి గదమ్మా" అన్నారాయన.

నేను నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకున్నాను. అత్తయ్య కాసేపు చీర అద్దుతూ ఉండి, మెల్లగా అడిగింది. "మీరు పొగాకు కల్లంలో ఎందుకు ఎండెయ్యరండీ?"

"భలేదానివే. రంగు చచ్చిపోద్ది. కొనేవాడు మొహం కూడా చూడడు" అన్నారు. అని, ఆగారు. తన మాట తనకే వినపడ్డట్టుంది.

చీకటిగా ఉండి గాలి ఆడే చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. పచ్చాకును పొయ్యి సెగతో ఆరబెట్టే ఆయన పొగాకు కొట్టం, బ్యారన్. కింద గాలి కన్నాలు, పైన కిటికీ, లోపల ఆకు వేలాడదీసే కర్రల వరసలు, కిటికీ తెరిస్తే తప్ప ఎండ మొహం చూడని గోడలు. చిక్కల్లా ఆకు చేలో పక్వానికొచ్చి ఉంది, మర్నాడే కోసి బ్యారన్‌లోకి ఎక్కించాలి. ఆలస్యమైతే మొక్క మీదే ముదిరిపోతుంది, ఏడాది కష్టం గ్రేడు పడిపోతుంది. అత్తయ్యకు అదీ తెలుసు. అందుకే అడగలేదు, ఊరికే అద్దుతూ కూర్చుంది. ఆయన మెట్ల మీద నిలబడి చేలవైపు చాలాసేపు చూశారు.

"పొయ్యి ఎలిగించొద్దని మావాళ్ళకి చెప్పొస్తా" అని వెళ్ళిపోయారు.

చిల్లులున్నాయి గదా, ఆకులా దారానికి గుచ్చేద్దామని కూలీలు సిద్ధపడితే, తడికాగితం చిరుగుతుందని అత్తయ్య ఆపింది. కర్రలకు గుడ్డ చుట్టి, ఉత్తరాలను ఒక్కొక్కటిగా వాటి మీద వాల్చాం. తాటాకులను మాత్రం వాటి దారం మీదే ఎడంగా జరిపాం. ఎద్దుల వైద్యం పైవరసకు చేరింది.

అవి ఆరేదాకా ఆయన రోజూ వచ్చి, చెప్పులు బయట విడిచి, లోపల నిలబడి తలెత్తి చూసేవారు. కూలీలెవరూ అంతకుముందు ఆయన్ని బ్యారన్‌లోకి చెప్పుల్లేకుండా వెళ్ళగా చూడలేదు. చివరిరోజు ఇంత పలచటి ఆకు తానెప్పుడూ ఎక్కించలేదనీ, గ్రేడు ఏమొస్తుందో చూడాలనీ అన్నారు. ఆయన ఆకు ఆ ఏడు నల్లబడింది. ఆ మాట ఆయన ఎవరి దగ్గరా ఎత్తలేదు. అత్తయ్య ఆయనకు కృతజ్ఞతలు చెప్పగా నేను వినలేదు. కమిటీ సమావేశాల్లో మాత్రం ఆయన ఏమన్నా అడ్డు చెప్పడం మానేసింది. అది ఆవిడకు చాలా కష్టమైన పని.

ఇద్దరూ ఇప్పుడు లేరు. కాలం దేన్నీ దాచిపెట్టదు, అంత తీరిక దానికి లేదు. మనం పాతవనుకునేవన్నీ ఎవరో ఒకరు తమ పని పక్కన పెట్టి నిలబడిన నాలుగు రోజుల వల్ల ఇక్కడిదాకా వచ్చినవే.