గాజు పటంలో టమాటా కొమ్మ

శిక్షణ కేంద్రంలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు. మిగతా అందరికీ ఆయన మూడుసార్ల మేస్టారు. డిగ్రీ పట్టా చేతబట్టుకుని కొత్తగా వచ్చే వ్యవసాయాధికారులకు నాలుగు నెలల పాటు పొలం పని నేర్పడం ఆయన ఉద్యోగం. ఆయనకు మాత్రం ఏ పట్టా లేదు. పొలంలో దినకూలీగా చేరి, చూసి చూసి నేర్చుకుని, నేర్పేవాడయ్యాడు.

నేర్పడంలో ఆయనకు మొహమాటం లేదు. మట్టి నమూనా తెమ్మంటే గట్టు పక్కనో, పాత పెంటకుప్ప ఉన్న చోటో గుంట తవ్వేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది. ఈ మట్టిని పరీక్షకు పంపితే రైతు పొలం సంగతి తేలదు నాయనా, ఆయన పశువులు ఏం తిన్నాయో తేలుతుంది అనేవాడు. పొలంలో అడ్డంగా, ఐమూలగా నడిపించి, ఆకు తిప్పి తిప్పి పురుగులు లెక్కపెట్టించేవాడు. పురుగు కనబడగానే మందు పేరు చెప్పేవాళ్లను, మీకు ఈ ఉద్యోగం ఎందుకు, పురుగుమందుల కొట్టు పెట్టుకోండి అని దులిపేసేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, స్ప్రేయరు కడగడం ఒక ఎత్తు. మందు కొట్టిన ట్యాంకును మూడుసార్లు కడగాలి. గొట్టం విడిగా, నాజిల్ విడిగా. మూడోసారి కడిగిన నీళ్లను కుండీలో పెంచిన చిక్కుడు మొలకల మీద పోసి మూడు రోజులు ఆగాలి. మొలక తల వంచితే మళ్లీ మొదటికి రావాలి. మేస్టారు ఇంట్లో టీ గ్లాసు కూడా మూడుసార్లు కడిగించి, ఆ నీళ్లు చిక్కుడు మొలకకు పోస్తారట అని ట్రైనీలు నవ్వుకునేవారు. వేరే విషయాల్లో తన మీద వేసే జోకులకు తనే ముందు నవ్వే మనిషి, ఈ ఒక్కదానికి నవ్వేవాడు కాదు. ఎందుకింత పట్టింపు అని అడిగితే మాట దాటేసేవాడు.

తరగతి గదిలో నల్లబల్ల పక్కన ఒక గాజు పటం వేలాడుతూ ఉంటుంది. అందులో ఎండబెట్టి అతికించిన టమాటా కొమ్మ. ఆకులు సన్నగా సాగి, కాండం మెలిక తిరిగి ఉంటుంది. కింద చీటీ మీద "వైరస్ ముడత తెగులు. పాత నాటు విత్తనం" అని రాసి ఉంది. ఇరవై రెండేళ్లుగా ప్రతి బ్యాచీ ఆ పటం చూసే వైరస్ తెగులును గుర్తుపట్టడం నేర్చుకుంది. ఆ పాఠం వేరే లెక్చరర్ చెబుతారు. ఆ గంటలో మేస్టారికి ఎప్పుడూ స్టోరు గదిలో ఏదో ఒక పని పడేది.

ఆయన పదవీ విరమణకు తొమ్మిది రోజులు ఉందనగా ఆ లెక్చరర్‌కు జ్వరం వచ్చింది. ప్రిన్సిపాల్ ఆ పాఠాన్ని మేస్టారి నెత్తిన పెట్టాడు.

ఆ బ్యాచీలో పదహారు మంది ఉన్నారు. అందులో ఒకమ్మాయికి తోటివాళ్లు ప్రశ్నల పుట్ట అని పేరు పెట్టారు. ఆ అమ్మాయి లేచి పటం దగ్గరకు వెళ్లి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"మేస్టారూ, ఇది వైరస్ కాదేమోనండీ. వైరస్ అయితే ఆకు ముడుచుకుని పసుపెక్కాలి కదా. ఇది తాడులా సాగింది. ఈనెలన్నీ పక్కపక్కనే వచ్చేశాయి. కలుపు మందు తగిలినట్టుందండీ."

వెనక బెంచీల్లో నవ్వులు వినబడ్డాయి. ఆ చీటీ రాసింది పెద్ద నిపుణుడమ్మా, నీకన్నా ఆయనకు తెలియదా అన్నారెవరో. ఆ అమ్మాయి వెనక్కి తిరగలేదు. "ఈ కొమ్మ తెచ్చిన ఏడాది మీరు ఇక్కడే ఉన్నారట కదండీ. ఈ తోట మీరు చూశారా?" అని అడిగింది.

అయ్యుండచ్చమ్మా, ఎప్పటి మాటో అని ఒక్క ముక్క అంటే చాలు. తొమ్మిది రోజులు గడిస్తే దండ వేయించుకుని ఇంటికి పోవచ్చు. మేస్టారు సుద్దముక్కను బల్ల మీద పెట్టాడు, కుర్చీలో కూర్చున్నాడు. తరగతిలో ఆయన కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆ రోజు ఆయన చెప్పింది ఇదీ. కేంద్రానికి కూతవేటు దూరంలో ఒక రైతుకు టమాటా తోట ఉండేది. ఆ విత్తనం బజారులో కొన్నది కాదు. రైతు తల్లి ఏటా మంచి కాయలు ఏరి, గింజ తీసి, బూడిద కలిపి దాచి పెంచుకొచ్చిన విత్తనం. తోటలో తెల్లదోమ కనిపిస్తే కేంద్రం తరఫున మందు కొట్టడానికి మేస్టారిని పంపారు. ముందురోజు అదే స్ప్రేయరుతో ఆయన మొక్కజొన్న చేలో కలుపు మందు కొట్టాడు. మొక్కజొన్నను అది ఏమీ చేయదు, టమాటాకు మాత్రం చుక్క తగిలినా చాలు. ఎండెక్కకముందే పని ముగించాలన్న తొందరలో ట్యాంకును ఒక్కసారే తొలిచి బయల్దేరాడు.

వారం తిరిగేసరికి ఆకులు మెలికలు పడ్డాయి. మొదటి ట్యాంకు కొట్టిన ఎనిమిది సాళ్లు పూర్తిగా పోయాయి. తర్వాతి సాళ్లలో దెబ్బ తక్కువ, చివరి సాళ్లలో అసలు లేదు. గట్టు వారన కలుపు మొక్కలు కూడా అలాగే మెలి తిరిగి ఉన్నాయి. అది చూడగానే మేస్టారికి విషయం బోధపడింది. అప్పుడే ఆ చీటీ రాసిన నిపుణుడు వచ్చాడు. పొలంలోకి దిగకుండా, గట్టు మీదే నిలబడి ఒక కొమ్మ తెంపించుకుని వైరస్ అన్నాడు. పాత విత్తనానికి తట్టుకునే శక్తి పోయిందన్నాడు. పక్క తోటలకు పాకకుండా మొత్తం పీకి తగలబెట్టమని, ఇంట్లో ఉన్న విత్తనం కూడా ఉంచవద్దని చెప్పాడు. నిజానికి మిగతా తోట కోలుకునేదే. మేస్టారు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం ఖాయం కావాల్సి ఉంది. ఆయన నోరు మెదపలేదు. తోటా, విత్తనమూ బూడిదయ్యాయి.

ఆ అమ్మాయే మళ్లీ అడిగింది.

"ఆ రైతుకు ఈ సంగతి తెలుసా అండీ?"

"తెలీదమ్మా. సోమవారం మనం పురుగులు లెక్కపెట్టింది ఆయన తోటలోనే."

మర్నాడు పొద్దున్నే మేస్టారు ఆ తోటకు వెళ్లాడు. రైతు టమాటా మొక్కలను కర్రలకు కడుతున్నాడు. ఆయనకు మేస్టారంటే గురి. రా అన్నా, కూర్చో అని గట్టు చూపించాడు. మేస్టారు కూర్చోలేదు. తరగతిలో వేలాడే పటం సంగతితో సహా నిలబడే మొత్తం చెప్పాడు. తొందర గురించి చెప్పాడు గానీ, దాన్ని సాకుగా చెప్పలేదు. వింటున్నంతసేపూ రైతు చేతిలో పురికొస అలాగే ఉంది.

"మా అమ్మ ఉండగా నీకీ సంగతి తెలుసా?"

"తెలుసు తమ్ముడూ."

"ఆ తర్వాత రెండేళ్లు బతికింది. నువ్వు వచ్చిన ప్రతిసారీ నీకు మంచినీళ్లు ఆవిడే తెచ్చి ఇచ్చేది." రైతు గొంతు పెంచలేదు. "నా చేతి విత్తనమే పిల్లల నోటి దగ్గర కూడు తీసేసిందని పోయేదాకా కుమిలిపోయింది. ఆ తర్వాత ఒక్క గింజ చేత్తో నాటలేదు. ఆవిడకి ఒక్క ముక్క చెప్పలేకపోయావా అన్నా?"

మేస్టారు క్షమించమని అడగలేదు. అడగాల్సిన మనిషి లేదు. రైతు తిరిగి మొక్కలు కట్టుకోవడంలో పడ్డాడు. మేస్టారు వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ప్రిన్సిపాల్‌కు చెబితే ఆయన తల పట్టుకున్నాడు. వెళ్లిపోయే ముందు ఎందుకొచ్చిన గొడవ, పటాన్ని గప్‌చుప్‌గా దించేద్దాం అన్నాడు. మేస్టారు ఒప్పుకోలేదు. ఆ కొమ్మ తప్పు చెప్పలేదు, దాని కింద చీటీయే చెప్పింది, చీటీ మారిస్తే చాలు అన్నాడు. తనే కూర్చుని కొత్త చీటీ రాశాడు. తడి తగిలినా చెరగదని నమూనా చీటీలన్నీ పెన్సిలుతోనే రాయిస్తాడు. దీన్నీ పెన్సిలుతోనే రాశాడు. "కలుపు మందు దెబ్బ. కారణం సరిగా కడగని స్ప్రేయరు. మందు కొట్టింది నేను." కింద తన పూర్తి పేరు రాశాడు.

మేస్టారి ఉద్యోగంలో చివరి రోజు కూడా ఎప్పటిలాగే స్ప్రేయరు కడిగే పాఠం. ట్యాంకులు తెచ్చి వసారాలో పెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పాఠం మొదలుపెట్టబోతుండగా రైతు వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, పటం ముందు నిలబడి చీటీ చదివాడు. మేస్టారు, ట్రైనీలు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఇంకో మాట రాయాలి," అన్నాడు రైతు. ఆ మాట మేస్టారితోనే అన్నాడు, కానీ అన్నా అనలేదు. "విత్తనంలో తప్పు లేదని రాయి."

మేస్టారు పటం దించి, గాజు తీసి, చీటీ అడుగున మిగిలిన కాస్త చోటులో రాశాడు. రైతు వంగి చూశాడు.

"అంత చిన్నగా కాదు. పైన రాయి. ముందు అదే కనబడాలి."

మేస్టారు పెద్ద అట్ట తెప్పించాడు. మొదటి వరుసలో పెద్ద అక్షరాలతో "విత్తనం మంచిదే" అని రాసి, తక్కిందంతా దాని కింద ఎక్కించాడు. ఒక అక్షరం వంకర పోతే చెరిపి మళ్లీ రాశాడు. పటం గోడకెక్కింది. రైతు ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"ఒకసారి పైకి చదవమ్మా."

"విత్తనం మంచిదే," అని చదివింది ఆ అమ్మాయి.

రైతు తల ఆడించాడు. కళ్లు తుడుచుకుని, మేస్టారి వైపు చూడకుండా బయటకు వచ్చి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.